క్లాసులో రోజూ వాడే మాటల్ని ఇంగ్లీషులోకి మార్చడం ఎలా?

ఇంగ్లీషు పీరియడ్‌లో టీచర్ మాట్లాడేదంతా పాఠం కాదు. కూర్చోండి, పుస్తకాలు తీయండి, ఇవాళ ఎవరు రాలేదు, బోర్డు తుడువు, వెనక బెంచీలో ఆ గోల ఏంటి, రాయడం అయిందా, ఇంకో రెండు నిమిషాలు ఇస్తున్నా... ఇలాంటి మాటలు బోలెడు ఉంటాయి. మామూలుగా మనం పాఠం ఇంగ్లీషులో చదివి, ఈ మాటలన్నీ తెలుగులో అనేస్తుంటాం. దాంతో పిల్లల బుర్రలో ఒక లెక్క స్థిరపడిపోతుంది: ఇంగ్లీషు పుస్తకంలో ఉంటుంది, పని మాత్రం తెలుగులో జరుగుతుంది.

నన్నడిగితే భాష వంటబట్టడానికి ఈ చిల్లర మాటలే ముందు పనికొస్తాయి. పాఠంలోని వాక్యం ఎక్కడో ఎవరికో జరిగిన సంగతి. "ఓపెన్ ద విండో, ప్లీజ్" అలా కాదు. అనగానే ఎవరో ఒకరు లేచి కిటికీ తీస్తారు. అర్థం కళ్ల ముందే జరిగిపోతుంది, రేపు ఉక్కపోస్తే మళ్లీ అదే వాక్యం వస్తుంది. ఇంట్లోగానీ బయటగానీ ఇంగ్లీషు చెవిన పడని పిల్లలకు, భాషతో నిజంగా పని జరగడం కనిపించే చోటు క్లాసు ఒక్కటే.

దీనికి కొత్త పుస్తకం, ప్రొజెక్టర్, అదనపు పీరియడ్ ఏమీ అక్కర్లేదు. కాకపోతే "రేపటి నుంచి అంతా ఇంగ్లీషే" అని ప్రకటించి మొదలుపెడితే వారం తిరక్కుండానే మీకూ విసుగొస్తుంది, పిల్లలకూ భయం పట్టుకుంటుంది. ఒక్కో వాక్యాన్నీ తెచ్చి నిలబెట్టుకుంటూ వెళ్లాలి. ఆ వరుస ఇదీ.

మొదట మీ మాటలు మీరే వినండి

ఒక పీరియడ్‌లో ఫోన్‌ను టేబుల్ మీద పెట్టి రికార్డు చేయండి. ఇది మీ కోసమే, ఎవరికీ వినిపించక్కర్లేదు. సాయంత్రం వింటూ, పాఠానికి సంబంధం లేని మాటలన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. ఒకే మాట మళ్లీ వస్తే పక్కన గీత గీయండి.

విన్నాక రెండు సంగతులు తెలుస్తాయి. మనం ఎంత మాట్లాడుతున్నా తిప్పి తిప్పి వాడేవి కొన్ని వాక్యాలే. వాటిలో చాలావరకు చిన్నవి, తేలికవి. ఎక్కువ గీతలు పడ్డ ఇరవై వాక్యాలు ఏరి పక్కన పెట్టుకోండి. ఈ పని మొత్తానికీ ముడిసరుకు అదే. వేరేవాళ్లు తయారుచేసిన "వంద క్లాస్‌రూమ్ వాక్యాలు" లాంటి పట్టికలు తేలిగ్గా దొరుకుతాయి గానీ, వాటిలో సగం మీరు ఎప్పుడూ అనని మాటలే ఉంటాయి. అవసరం లేకుండా తెచ్చిపెట్టుకున్న వాక్యం నాలుగు రోజులు కూడా నిలవదు.

ఐదు వాక్యాలతో మొదలుపెట్టండి

ఆ ఇరవైలోంచి తొలి వారానికి ఐదు చాలు. చెప్పగానే ఒంటితో చేసి చూపించగలిగేవే తీసుకోండి. "స్టాండ్ అప్", "ఓపెన్ యువర్ బుక్స్", "క్లోజ్ యువర్ బుక్స్", "లుక్ ఎట్ ద బోర్డ్", "కమ్ హియర్" లాంటివి. "లిసన్ కేర్‌ఫుల్లీ" మొదటి వారానికి పనికిరాదు. పిల్లాడు శ్రద్ధగా వింటున్నాడో కిటికీలోంచి కాకిని చూస్తున్నాడో మీకు తెలియదు, అర్థమైందో లేదో వాడికీ తెలియదు. జేమ్స్ ఆషర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1960ల్లో ఒక బోధన పద్ధతినే దీని మీద నిలబెట్టాడు. ఆజ్ఞ వినడం, వెంటనే కదలడం. ముందు శరీరం అర్థం చేసుకుంటుంది, నోరు తర్వాత అందుకుంటుంది.

ఇక్కడొక జాగ్రత్త ఉంది. ఎంచుకున్న వాక్యంలో ఒక్క మాట కూడా మార్చకండి. ఇవాళ "ఓపెన్ యువర్ బుక్స్", రేపు "టేక్ అవుట్ యువర్ టెక్స్ట్‌బుక్స్", ఎల్లుండి "లెట్స్ గెట్ అవర్ బుక్స్ రెడీ" అంటే మీకు అది ఒకే మాట. కొత్తగా నేర్చుకునేవాళ్లకు మూడు వేర్వేరు శబ్దాలు. వైవిధ్యం తర్వాత ఎలాగూ వస్తుంది, మొదటి నెల మాత్రం బోర్ కొట్టినా అదే వాక్యం, అదే స్వరం, అదే చేతి సైగ.

పేజీ నంబర్ రోజూ అవసరం కాబట్టి దాన్నీ కలుపుకోండి. "టర్న్ టు పేజ్ థర్టీ టూ" అంటూ బోర్డు మీద 32 వేయండి. కొన్నాళ్లకు నోటితో అన్నాక ఒక క్షణం ఆగి అప్పుడు రాయండి. ఇంకొన్నాళ్లకు అసలు రాయకండి. థర్టీన్‌కీ థర్టీకీ తేడా ఇక్కడే బయటపడుతుంది. సగం మంది 13వ పేజీలో, సగం మంది 30వ పేజీలో ఉంటారు. మొదటిదానిలో చివరి భాగాన్ని సాగదీస్తామని, రెండోదానిలో ముందు భాగాన్ని నొక్కుతామని అప్పుడు చెబితే చెవికెక్కుతుంది. అంకెల పాఠం రోజున చెబితే ఎక్కదు, ఎందుకంటే ఆ రోజు పొరపాటు పడినా ఎవరికీ నష్టం లేదు.

చెప్పాక ఆగండి

అన్నిటికంటే కష్టమైన మెట్టు ఇదే. చాలా క్లాసుల్లో ఈ ప్రయత్నం చెడిపోయేది కూడా ఇక్కడే.

మీరు "క్లోజ్ యువర్ బుక్స్" అన్నారు. ముందు వరసలో ఇద్దరు ముగ్గురు మూశారు. మిగతావాళ్లు మీ మొహం చూస్తున్నారు. గదంతా నిశ్శబ్దం. సరిగ్గా అప్పుడే మీ నోట్లోంచి "పుస్తకాలు మూసేయండి" అన్న మాట తన్నుకొస్తుంది. దాన్ని ఆపాలి. అదే వాక్యం, అదే స్వరంతో ఇంకోసారి అనండి. మీ చేతిలో పుస్తకం ఉంటే నిదానంగా మూసి చూపించండి. ఆగండి. పక్కవాళ్లను చూసి ఇంకో పదిమంది మూస్తారు. చూసి చేయడం తప్పేమీ కాదు, భాష తెలియని ఊళ్లో మనమైనా అలాగే చేస్తాం. నాలుగో రోజుకి అందులో సగం మంది పక్కకు చూడరు.

ఆగలేక వెంటనే తెలుగులో చెప్పేశారనుకోండి. పిల్లలు తెలివైనవాళ్లు, అసలు మాట ఎలాగూ రెండోసారి తెలుగులో వస్తుందని పసిగట్టేస్తారు. అప్పుడు మీ ఇంగ్లీషు వాక్యం సినిమాకి ముందు వేసే ప్రకటన లాంటిదైపోతుంది. అందరూ దాన్ని భరిస్తారు, ఎవరూ వినరు. మీరు రోజంతా ఇంగ్లీషు మాట్లాడినా వాళ్ల చెవికి ఒక్క ముక్కా చేరదు.

ఎంతసేపు ఆగాలి? అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు సైన్స్ క్లాసులు గమనించి, ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని 1970ల్లో చూపించింది. దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడుగయ్యాయి, మామూలుగా నోరు విప్పనివాళ్లు కూడా మాట్లాడారు. అది సొంత భాషలో జరిగిన బోధన. పరాయి భాషలో ఇంకాస్త ఎక్కువే కావాలి. మనసులో నిదానంగా నాలుగు లెక్కపెట్టుకోండి. క్లాసు ముందు నిలబడి నాలుగు సెకన్లు మాట్లాడకుండా ఉండటం చాలా పొడుగ్గా అనిపిస్తుంది. మనకే, వాళ్లకు కాదు.

మరి తెలుగు అసలు వాడకూడదా? వాడొచ్చు, వాడాలి కూడా. కాకపోతే ఎక్కడ వాడాలో చూసుకోవాలి. సైగతో తేలని కొత్త వాక్యం తెచ్చిన రోజు "శాండ్‌విచ్" పద్ధతి బాగుంటుంది. జర్మన్ ఆచార్యుడు వోల్ఫ్‌గాంగ్ బుట్స్‌కామ్ సమర్థించిన పద్ధతి ఇది. ముందు ఇంగ్లీషులో, మధ్యలో గొంతు తగ్గించి ఒక్కసారి తెలుగులో, వెంటనే మళ్లీ ఇంగ్లీషులో చెబుతాం. చివర చెవిలో మిగిలేది ఇంగ్లీషు వాక్యమే. రెండో రోజు నుంచి మధ్య ముక్క తీసేయండి.

కొత్త ఆట నియమాలు, పరీక్ష గురించిన హెచ్చరికలు, ఎందుకు ఏమిటి అని వివరంగా చెప్పాల్సిన విషయాలు తెలుగులోనే చెప్పేయండి. దెబ్బ తగిలి ఏడుస్తున్న పిల్లతో ఇంగ్లీషు ప్రాక్టీసు చేయకండి. తెలుగు మాట్లాడితే ఫైన్ అనే పద్ధతి ఉంటే అది ముందు మానేయండి. దానివల్ల ఇంగ్లీషు పెరగదు, మాట్లాడటమే తగ్గిపోతుంది.

హాజరు పిలిచే సమయాన్ని వదులుకోవద్దు

హాజరును చాలామంది ఎలాగోలా అవగొట్టేసే పనిగా చూస్తారు. ఇంగ్లీషు టీచర్‌కి మాత్రం అది పీరియడ్ మొత్తంలో బంగారం లాంటి ఐదు నిమిషాలు. మనం అడిగే ప్రశ్నల్లో చాలావాటికి జవాబు మనకు ముందే తెలుసు. పెన్ను పైకెత్తి "వాట్ కలర్ ఈజ్ దిస్?" అంటాం. నీలం అని మనకూ తెలుసు, వాళ్లకూ తెలుసు. బయటి ప్రపంచంలో ఎవరూ ఇలా అడగరు. మైకేల్ లాంగ్, షార్లీన్ సాటో అనే పరిశోధకులు 1983లో ఇంగ్లీషు క్లాసుల్ని బయటి సంభాషణలతో పోల్చినప్పుడు కూడా ఈ తేడాయే కొట్టొచ్చినట్టు కనబడింది. హాజరు దగ్గర మాత్రం మనకు నిజంగానే తెలియదు.

"హూ ఈజ్ ఆబ్సెంట్ టుడే?" అని అడగండి. ఎవరో పేరు చెబుతారు. "ఈజ్ షీ సిక్?" "ఐ డోంట్ నో, టీచర్." "వాజ్ షీ హియర్ ఎస్టర్‌డే?" "ఎస్." "హూ లివ్స్ నియర్ హర్?" ఒక చెయ్యి లేస్తుంది. "ప్లీజ్ టెల్ హర్ అబౌట్ ద టెస్ట్." చూడండి, ఒక్క నిమిషంలో ఈజ్, వాజ్, షీ, హర్ అన్నీ వాటి వాటి పనిలో దొర్లిపోయాయి. వాజ్ అంటే భూతకాలం అని ఎవరూ చెప్పలేదు. ఇదే సంభాషణ ఏడాదంతా జరిగితే, భూతకాలం పాఠం వచ్చే నాటికి "ఓ, ఇదా" అనుకుంటారు.

మర్నాడు ఆ అమ్మాయి రాగానే "వెల్‌కమ్ బ్యాక్. ఆర్ యు ఫీలింగ్ బెటర్?" అని అడగడం మరిచిపోకండి. తనను పట్టించుకున్నారని తెలిసిన పిల్ల ఆ వాక్యాన్ని మరవదు.

తేదీ రాయించడం కూడా ఇలాంటిదే. బోర్డు మీద రోజుకొకరు రాయాలి, రాస్తూ పైకి అనాలి.

పని చెప్పేటప్పుడు ముక్కలు చేయండి

ఇంగ్లీషులో పని చెప్పగానే క్లాసు గందరగోళం అయిపోతోందంటే, ఎక్కువసార్లు తప్పు ఇంగ్లీషుది కాదు. ఒకే ఊపిరిలో నాలుగు పనులు చెప్పడం వల్ల వచ్చిన తంటా. "వెన్ యు హావ్ ఫినిష్డ్ ద ఆన్సర్స్ ఆన్ పేజ్ ట్వెల్వ్, ఎక్స్‌చేంజ్ యువర్ నోట్‌బుక్స్ విత్ యువర్ పార్ట్‌నర్ అండ్ చెక్" అన్న వాక్యంలో తప్పేమీ లేదు, కానీ మొదటి నెలల్లో అది చేరదు. "లుక్ ఎట్ పేజ్ ట్వెల్వ్." అందరూ ఆ పేజీకి వచ్చేదాకా ఆగండి. "రైట్ ద ఆన్సర్స్." రాశాక, "నౌ గివ్ యువర్ నోట్‌బుక్ టు యువర్ పార్ట్‌నర్." చేతులు మారాక, "చెక్ ద ఆన్సర్స్."

చిన్నగా చెప్పమన్నాం కదా అని భాషను విరగ్గొట్టకండి. "యు, బుక్, ఓపెన్" అని మీరంటే వాళ్లూ అదే నేర్చుకుంటారు. వాక్యం పొట్టిగా ఉండాలి గానీ పూర్తిగా ఉండాలి.

చెప్పాక "డు యు అండర్‌స్టాండ్?" అని మాత్రం అడగకండి. "ఎస్ టీచర్" అని గది దద్దరిల్లుతుంది, ఆ వెంటనే సగం మంది పక్కవాళ్లను తెలుగులో "ఏం చేయమన్నారు?" అని అడుగుతారు. దానికి బదులు పని వివరాలే అడగండి. "హౌ మెనీ క్వశ్చన్స్?" "ఫైవ్." "అలోన్, ఆర్ విత్ ఎ పార్ట్‌నర్?" "పార్ట్‌నర్." "హౌ మచ్ టైమ్?" "టెన్ మినిట్స్." ఒక్కో మాటలో జవాబు వస్తుంది, అర్థమైందో లేదో తేలిపోతుంది.

ఇంగ్లీషుకు తిట్ల వాసన అంటనివ్వకండి

కొన్ని క్లాసుల్లో టీచర్ నోటి నుంచి సహజంగా వచ్చే ఇంగ్లీషు అంటే "కీప్ క్వైట్", "షటప్", "గెట్ అవుట్". మిగతా అంతా తెలుగు. పిల్లలకు నిజంగా చెవినబడిన ఇంగ్లీషు అదే అయితే దాని మీద ఇష్టం ఎలా పుడుతుంది? గోల ఎక్కువైనప్పుడు అరవాలనిపిస్తే తెలుగులోనే అరవండి, ఏమీ పరవాలేదు. ఇంగ్లీషుకు "లెట్స్ బిగిన్", "ఐ యామ్ వెయిటింగ్" లాంటివి ఉంచండి. చేతులు కట్టుకుని నెమ్మదిగా "ఐ యామ్ వెయిటింగ్" అంటే అరుపు కంటే బాగా పనిచేస్తుంది, అదీ ఒక లాభం.

మెచ్చుకునేటప్పుడు ఒట్టి "గుడ్", "వెరీ గుడ్" అని వదిలేయకండి. అవి మన అలవాటు మాటలైపోయాయి, వాళ్లు వినడం ఎప్పుడో మానేశారు. ఏది బాగుందో చెప్పండి. "యు రిమెంబర్డ్ ద ఫుల్ స్టాప్." "దట్స్ ఎ క్లియర్ పిక్చర్." "యు హెల్ప్డ్ యువర్ ఫ్రెండ్, థాంక్ యు." తన గురించిన వాక్యం కాబట్టి ప్రతి పిల్లవాడూ చెవులు రిక్కించి వింటాడు.

మీ ఇంగ్లీషు మీదే మీకు అనుమానం ఉంటే

ఈ పని మొదలుపెట్టకపోవడానికి అసలు కారణం చాలామందికి ఇదే. పాఠం అయితే పుస్తకం చూసి చదవొచ్చు, మామూలు మాట దగ్గర తప్పు దొర్లుతుందేమోనని టెన్షన్. కానీ మనం మాట్లాడబోయేది అనర్గళమైన ఉపన్యాసం కాదు, ఇరవై వాక్యాలు. ఒక సాయంత్రం కూర్చుని, బాగా వచ్చిన సహోద్యోగితోనో మంచి నిఘంటువుతోనో వాటిని సరిచూసుకుంటే సరిపోతుంది.

మనలో ఎక్కువగా దొర్లేవి కొన్ని ఉన్నాయి. "వై యు ఆర్ లేట్?" కాదు, "వై ఆర్ యు లేట్?" "డిస్కస్ అబౌట్ ద క్వశ్చన్" అక్కర్లేదు, "డిస్కస్ ద క్వశ్చన్" చాలు. "క్లోజ్ ద లైట్" కాదు, "టర్న్ ఆఫ్ ద లైట్." "రిపీట్ అగైన్"లో అగైన్ దండగ, "రిపీట్" అంటేనే మళ్లీ అని. "ఐ యామ్ హావింగ్ టూ పెన్స్" బదులు "ఐ హావ్ టూ పెన్స్." రోజూ అనే వాక్యంలో తప్పుంటే అది వందసార్లు నాటుకుంటుంది కాబట్టి, ఈ ఇరవై వరకూ మాత్రం పట్టింపుగా ఉండండి. మిగతా చోట్ల తడబడితే తడబడ్డారు.

యాస గురించి బెంగ వద్దు. ముక్కుతో పలికే విదేశీ ఉచ్చారణ తెచ్చిపెట్టుకోనక్కర్లేదు. స్పష్టంగా, మరీ వేగంగా కాకుండా, మరీ సాగదీయకుండా మాట్లాడితే చాలు.

ఇప్పుడు పిల్లల నోటికి అప్పగించండి

వినడంతో మొదలైన పని వినడంతోనే ఆగిపోకూడదు. స్టీఫెన్ క్రాషెన్ అనే అమెరికన్ భాషావేత్త 1980ల్లో, మనకు వచ్చినదానికంటే కొంచెం పైస్థాయి భాషను అర్థం చేసుకుంటూ పోతే అదే వంటబడుతుందని వాదించాడు. ఇప్పటిదాకా మనం చేసింది ఆ దారిలోనే. అయితే కెనడాలో ఫ్రెంచి మాధ్యమంలో చదివిన ఇంగ్లీషు పిల్లల్ని గమనించిన మెర్రిల్ స్వెయిన్ అనే పరిశోధకురాలు 1985లో ఇంకో సంగతి బయటపెట్టింది. ఏళ్ల తరబడి విన్నారు, చక్కగా అర్థం చేసుకుంటున్నారు, కానీ మాట్లాడితే, రాస్తే వ్యాకరణం ఇంకా కుదరలేదు. తామే పలకాల్సిన అవసరం రానంతకాలం ఆ లోటు పూడదన్నది ఆవిడ మాట.

ఒక్కసారి "మే ఐ కమ్ ఇన్?" గురించి ఆలోచించండి. ఏ వ్యాకరణ పాఠంలోనూ అది నేర్పం. అయినా ఇంగ్లీషులో ఇంకో ముక్క రాని పిల్లాడు కూడా గుమ్మం దగ్గర దాన్ని తప్పు లేకుండా అంటాడు. ఎందుకంటే అది అనకపోతే లోపలికి రాలేడు. మిగతా వాక్యాలకూ అలాంటి అవసరమే కల్పించాలి.

వాళ్లకు నిజంగా కావలసినవి ఏవో చూడండి. పెన్ను అడగడం: "కెన్ ఐ బారో యువర్ పెన్?" పని అయిందని చెప్పడం: "ఐ హావ్ ఫినిష్డ్." మాట తెలియనప్పుడు: "హౌ డు యు సే దిస్ ఇన్ ఇంగ్లిష్?" స్పెల్లింగ్ కోసం: "హౌ డు యు స్పెల్ ఇట్?" ఆటలో వంతు కోసం: "ఇట్స్ మై టర్న్." నోట్‌బుక్ మరిచిపోయిన రోజు: "సారీ, ఐ ఫర్‌గాట్ మై నోట్‌బుక్." వారానికి రెండు చొప్పున నేర్పండి, పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి. గోడ నిండా పాతిక చార్టులు వేలాడదీస్తే ఎవరూ చదవరు. ఆ వారం వాడుకలో ఉన్నవి మాత్రమే ఉండాలి.

నేర్పాక ఒక చిన్న పట్టుదల పాటించండి. ఎవరైనా వచ్చి "టీచర్, పెన్ను ఇవ్వరా?" అంటే కోప్పడకుండా, నవ్వుతూ గోడవైపు చూసి "కెన్ ఐ..." అని అందించి ఆగండి. మిగతాది వాళ్లే పూర్తిచేస్తారు. పూర్తికాగానే పెన్ను ఇచ్చేయండి. వాక్యం అనగానే పని జరగాలి, ఇంకో రెండుసార్లు చెప్పించి వేధించకండి.

అన్నిటికంటే విలువైన వాక్యం "ఐ డోంట్ అండర్‌స్టాండ్. కెన్ యు సే దట్ అగైన్, ప్లీజ్?" ఒకరు అర్థం కాలేదనడం, రెండోవారు ఇంకోలా చెప్పడం, ఆ ఇచ్చిపుచ్చుకోవడంలోనే భాష బాగా పట్టుబడుతుందని మైకేల్ లాంగ్ చాలాకాలం వాదించాడు. క్లాసులో మాత్రం ఆ వాక్యం బతకడం మీ మొహం మీద ఆధారపడి ఉంటుంది. మొదటిసారి ఎవరైనా ధైర్యం చేసి అన్నప్పుడు మీ కనుబొమ్మలు ముడిపడితే, ఆ ఏడాదికి ఇక ఎవరూ అనరు. "థాంక్ యు ఫర్ ఆస్కింగ్" అని మళ్లీ చెప్పండి, ఈసారి ఇంకా తేలిగ్గా.

కాస్త కుదురుకున్నాక రోజుకొకరిని లీడర్‌ని చేయండి. క్లాసు మొదట్లో ఐదు నిమిషాలు పనులన్నీ వాళ్లే చెప్పాలి. "స్టాండ్ అప్", "సిట్ డౌన్", "పాస్ ద నోట్‌బుక్స్", "క్లీన్ ద బోర్డ్, ప్లీజ్." మిమ్మల్ని అచ్చు గుద్దినట్టు అనుకరిస్తారు, మీ విసుగుతో సహా. క్లాసు ఎలా నడుస్తోందో తెలుసుకోవడానికి ఇంతకు మించిన అద్దం లేదు.

కొందరు వారాల తరబడి నోరు విప్పరు. చెప్పిన పని చేస్తున్నారంటే భాష లోపలికి వెళ్తున్నట్టే. వాళ్లను లేపి నిలబెట్టి చెప్పించకండి. జంటగా పనిచేసేటప్పుడు, పక్కనున్న స్నేహితురాలితో గొణిగే మాటల్లో మొదటి వాక్యం బయటికొస్తుంది.

తప్పు మాట్లాడితే

"టీచర్, ఐ నో పెన్" అని ఒకడు వచ్చాడు. "ఓ, యు డోంట్ హావ్ ఎ పెన్? హియర్, టేక్ దిస్ వన్." ముందు వాడి పని జరిగింది, సరైన రూపం చెవిన పడింది, చిన్నబుచ్చినట్టూ లేదు. ఎక్కువ సందర్భాల్లో ఇది చాలు. కానీ దీని మీద మరీ భరోసా పెట్టుకోవద్దు. రాయ్ లిస్టర్, లీలా రాంటా అనే పరిశోధకులు 1997లో కెనడా ఫ్రెంచి క్లాసుల్లో చూసిందేమిటంటే, టీచర్లు ఎక్కువగా వాడేది ఈ పద్ధతే, పిల్లలు అందిపుచ్చుకోవడం తక్కువగా ఉన్నదీ దీనితోనే. టీచర్ తన మాటకు ఒప్పుకుంటున్నారనుకుంటాడు పిల్లాడు, దిద్దుతున్నారనుకోడు.

అందుకే ఒక గీత గీసుకోండి. గోడ మీదున్న, అందరికీ నేర్పిన వాక్యంలో తప్పొస్తే ఆగి, వాళ్లనే సరిచేసుకోనివ్వండి. సొంతంగా ఏదో చెప్పాలని ప్రయత్నిస్తున్నప్పుడు తప్పొస్తే సరైన రూపంలో జవాబిచ్చి ముందుకు సాగిపోండి.

వాక్యాన్ని కొంచెం కొంచెం పొడిగించండి

రెండో నెలకు "ఓపెన్ యువర్ బుక్స్" అనగానే చూడకుండానే చేతులు కదులుతాయి. ఇక ఆ వాక్యంలో నేర్చుకోవడానికి ఏమీ లేదు. ఇప్పుడు తోక తగిలించండి. "ఓపెన్ యువర్ బుక్స్ అండ్ లుక్ ఎట్ ద పిక్చర్ ఎట్ ద టాప్ ఆఫ్ పేజ్ ఫార్టీ." మొదటి భాగం తెలిసిందే కాబట్టి మనసంతా కొత్త ముక్క మీద ఉంటుంది. సైగలు కూడా తగ్గించండి. చేతులు వెనక్కి కట్టుకుని చెప్పినా చేస్తే అది నిజంగా వచ్చినట్టు. కావాలంటే అల్లరి చేయండి: "స్టాండ్ అప్" అంటూ మీరు కూర్చోండి. మాట విన్నవాళ్లు లేస్తారు, మిమ్మల్ని చూసినవాళ్లు దొరికిపోతారు.

ఈ దశలో "కమ్ హియర్" పక్కన "కుడ్ యు కమ్ హియర్, ప్లీజ్?" చేరుతుంది. "పుట్ ఇట్ ఆన్ ద టేబుల్", "అండర్ ద చెయిర్", "బిసైడ్ ద డోర్" అంటూ వస్తువులు పెట్టించడంలో, పుస్తకంలో తికమకపెట్టే మాటలన్నీ కుదురుకుంటాయి. "ఇఫ్ యు హావ్ ఫినిష్డ్, హెల్ప్ ద పర్సన్ నెక్స్ట్ టు యు" అన్నది రోజూ వినేవాళ్లకు, వ్యాకరణ పాఠంలో అదే నిర్మాణం వచ్చినప్పుడు "మనం రోజూ అనేదే కదా" అని చూపించొచ్చు.

ఆన్‌లైన్ క్లాసు అయితే వాక్యాలు మారతాయి, వరుస మారదు. "యు ఆర్ ఆన్ మ్యూట్", "కెన్ యు సీ మై స్క్రీన్?", "టైప్ ఇట్ ఇన్ ద చాట్" అక్కడ ఓపెన్, క్లోజ్ చేసే పని చేస్తాయి. పెద్దవాళ్లకు నేర్పుతుంటే ఆజ్ఞల స్వరం తగ్గించి మొదటి రోజు నుంచే "కుడ్ యు", "వుడ్ యు" వాడండి. "స్టాండ్ అప్, సిట్ డౌన్" వాళ్లకు ఎబ్బెట్టుగా ఉంటుంది.

దీనితో అన్నీ రావు

క్లాసు ఇంగ్లీషు ఇరుకైనది. పుస్తకం, పెన్ను, పేజీ, బోర్డు చుట్టూనే తిరుగుతుంది. దీనితోనే కథ చదవడం రాదు, ఫోన్‌లో మాట్లాడటం రాదు. కాబట్టి అలవాటు కుదిరాక పీరియడ్ చివర రెండు నిమిషాలు కబుర్లకు కేటాయించండి. "వాట్ డిడ్ యు డు ఆన్ సండే?" అని ముందు మీ సంగతి రెండు వాక్యాల్లో చెప్పి, తర్వాత వాళ్లను అడగండి. వారానికోసారైనా ఒక చిన్న కథ పైకి చదివి వినిపించండి. పదాలు పెరగడానికి అదొక మంచి దారి.

నెలన్నర అయ్యాక మళ్లీ ఒక పీరియడ్ రికార్డు చేసి, పాత కాగితం పక్కన పెట్టుకుని వినండి. ఏ వాక్యాలు ఇంగ్లీషులో నిలిచాయి, ఏవి తెలియకుండానే తెలుగులోకి జారిపోయాయి అన్నది తేలుతుంది. ఎక్కువగా జారేవి పీరియడ్ చివరి ఐదు నిమిషాల్లోవే. హోంవర్క్ చెప్పే హడావిడిలో, బెల్లు కొట్టేస్తుందన్న తొందరలో అన్నీ తెలుగులో వచ్చేస్తాయి. హోంవర్క్‌ను ఐదు నిమిషాలు ముందుకు జరపండి, సగం సమస్య తీరిపోతుంది.

మధ్యలో కొత్తగా చేరిన పిల్ల ఉంటే ఆమె కోసం మళ్లీ మొదటి నుంచి ఎత్తుకోకండి. చురుకైన పిల్ల పక్కన కూర్చోబెట్టండి, చూసి చేస్తూ అందుకుంటుంది. సెలవుల తర్వాత మాత్రం మొదటి రెండు రోజులు ఆ పాత ఐదు వాక్యాలకు, సైగలతో సహా, తిరిగి వెళ్లండి. మరిచిపోయినట్టే కనిపిస్తారు గానీ, ఈసారి నెల పట్టదు.